సూస్కోక తగిలిన దెబ్బ గాదది

చెత్త ఎత్తేటామెకు గాజు పెంక కోసుకుంటే మన ఊర్లల్ల మొదలు వినబడే మాట ఒక్కటే: "సూస్కోవద్దా?" సర్పంచ్ అంటడు, సెక్రటరీ అంటడు, ఆ సీస పారేసిన ఇంటాయన గూడ అంటడు. కోసుకున్నామె గూడ అదే అంటది. "నేనే సూస్కోలే అన్నా, నాదే తప్పు" అని చెయ్యికి కొంగు చుట్టుకుంటది.

గీ పనోళ్ల తోని తిరగవట్టి నాకు చానేండ్లయింది. సూస్కోలేదు అనే ఒక్క మాట కింద ఎన్ని దెబ్బలు పూడిపోతున్నయో సూసినంక ఇది రాస్తున్న. దెబ్బ తగిలిన నిమిషం గురించి గాదు. ఆ నిమిషం కంటె ముందు, ముందటి రాత్రి, ముందటి నెల, ఇంకా ఎన్కకు పోతే ఒక సర్కారు జీవో, అక్కడికెల్లి మొదలువెట్టాలె. ఎందుకంటే చెత్త పనిల తగిలే దెబ్బల్ల చానా మటుకు ముందుగాలనే ఎవరో తయారు చేసి పెట్టినయే. ఆమె చెయ్యి అక్కడికి పోయే దాంక ఆగుతయ్, అంతే.

జీవో సంగతి ముందు చెప్త. 2018ల కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, 2019ల పల్లె ప్రగతి మొదలైంది. రాష్ట్రంల ఉన్న 12,769 పంచాయతీలకు ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ అని లెక్క గట్టి తెచ్చిండ్రు. ఊర్లు సాఫ్ అయినయ్, అబద్ధం ఆడొద్దు. నా చిన్నప్పుడు మోరీ పక్కకెల్లి నడవాలంటే ముక్కు మూసుకునేది. గని అదే ఏడు జీవో 51 గూడ వచ్చింది. అంతకు ముందు ఊడ్చేటోళ్లు వేరే, పంపు ఇడిసేటోళ్లు వేరే, లైట్లు ఏసేటోళ్లు వేరే. జీవో వచ్చినంక అందరికి కలిపి ఒక్కటే పేరు: మల్టీపర్పస్ వర్కర్. 500 జనాభాకు ఒక మనిషి. జీతం 8,500. 2023ల వెయ్యి పెరిగితే 9,500 అయింది. చానా ఊర్లల్ల 500 మందికి ఒకరు సరిపోక ఇంకొకరిని పెట్టుకొని ఒకరి జీతం ఇద్దరికి పంచుతున్నరు. 2023 జూలైల పంచాయతీ కార్మికులు నెలకు పైన సమ్మె చేసినప్పుడు ముందటి డిమాండ్లల్ల ఒకటి గీ జీవో 51 రద్దు చెయ్యాలె అనే. అప్పుడు పేపర్ల సదివినోళ్లు జీతం కోసం లొల్లి అనుకున్నరు. నాకైతే అది పానం కోసం లొల్లి. ఎట్లనో ముందుకు పోతే మీకే తెలుస్తది.

ఇగ మన దిక్కు చెత్త ఎట్లుంటదో సూద్దాం. అంకాపూర్ అంటే బయటోళ్లకు పసుపు, మక్క కంకులు, ఇత్తనాలు, ఇగ నాటుకోడి. 2025 జనవరిల నిజామాబాద్ల పసుపు బోర్డు మొదలైంది, మన పసుపు పేరు ఢిల్లీల వినబడ్డది. ఐతారం వస్తె హైదరాబాద్ కెల్లి కార్లల్ల వచ్చి మరీ కోడికూర కట్టిచ్చుకపోతరు. మంచిదే. గని ఎంత పంటనో అంత చెత్త, ఎంత గిరాకీనో అంత చెత్త. టౌన్ల చెత్త అంటే కాయగూర తొక్కలు, పాల ప్యాకెట్లు. మన కాడ ఆ తొక్కలతో పాటు మందు డబ్బాలుంటయ్, డ్రిప్ పైపు ముక్కలుంటయ్, మల్చింగ్ షీటు చింపులుంటయ్, కోడి బొక్కలుంటయ్, బీరు సీసలుంటయ్, మక్క బూరు కుప్పలుంటయ్. ఇవన్నీ ఒక్క సంచిల.

ఆ సంచి కాడనే ఆగుదాం, అసలు కత అక్కడనే ఉంది.

మీ ఇంట్ల ఒక గ్లాసు పగిలింది. అమ్మ పొరకతోని ఊడ్చి నల్ల కవర్ల ఏసింది, దాని మీద అన్నం, కూర, కాగితాలు పడ్డయ్, మూతి ముడి ఏసి గేటు కాడ పెట్టిండ్రు. పొద్దుగాల ట్రాక్టర్ వచ్చింది. ఎత్తేటామెకు ఆ కవర్ల ఏముందో కనబడదు. నల్ల కవర్ గదా. ఎన్ని కండ్లు పెట్టి సూస్తె మాత్రం ఏం కనబడతది? మూతికాడ పట్టి ఎత్తితే బరువుకు చినుగుతది, అందుకని కింద చెయ్యి పెడతది. గాజు ఉండేది కిందనే. ఆ చెయ్యి అక్కడికి పోవుడు ఆమె తప్పు గాదు, ఆ పని అట్లనే చెయ్యాలె, ఇంకో తీరు లేదు. తడి చెత్త తోని కలిసిన గాజు ఇంకా పాడు, ఎందుకంటే కోసుకున్న కాడ మురికి లోపలికి పోతది, ధనుర్వాతం భయం, చీము పట్టుడు.

ఇప్పుడు ట్రాలీ కాడికి పోదాం. ట్రాక్టర్ ట్రాలీ వడ్ల సంచులు, మట్టి, ఇసుక మొయ్యనికె చేసింది. దాని పక్క రేకులు లేపినంక అంచు చానామంది ఆడోళ్లకు భుజాలు దాటుతది. ఒక ఇంటి చెత్త బుట్ట ఎత్తి తలకంటె పైకి లేపి గుమ్మరియ్యాలె. ఒక్కసారైతే ఏం గాదు. వంద ఇండ్లు, రెండు వందల ఇండ్లు. వంగుడు, ఎత్తుడు, మెలి తిరుగుడు, చేతులు పైకి లేపుడు, ఇవన్నీ ఒక్క కదలికల అయితయ్. నడుము డిస్కుకు ఇంతకంటె చెడ్డ కదలిక లేదు: వంగి బరువు ఎత్తుకుంట పక్కకు తిరుగుడు. భుజానికి చెడ్డది చేతులు తల మీదికి లేపి బరువు ఆపుడు. నాలుగైదేండ్లకు భుజం లేవదు, జడ ఏసుకోనికె చెయ్యి ఎన్కకు పోదు. ఈ దెబ్బకు నెత్తురు రాదు గాబట్టి దీన్ని దెబ్బ అని ఎవరు అనరు, వయసు అంటరు. నలభై ఏండ్లకు ఏం వయసో నాకర్థం గాదు.

ట్రాలీ మీద ఒక మనిషి నిలబడి చెత్త తొక్కుకుంట సర్దుతుంటది. బండి కదిలితే ఆమె పట్టుకోనికె ఏం లేదు. డ్రైవర్ తొందరల ఉంటడు, ఆయనకు చెత్త అయినంక ట్యాంకర్ కట్టాలె, చెట్లకు నీళ్లు పొయ్యాలె. గుంతల పడ్డప్పుడు జారి పడుడు, ఎన్క డాల తగిలి వేళ్లు నలుగుడు, కిందికి దుంకినప్పుడు మడమ బెణుకుడు. నిజామాబాద్ తొవ్వ మీద పొద్దు పొడవక ముందే ఊడ్చేటోళ్లకైతే లారీలు, బస్సులు. మెరిసే జాకెట్ లేకుంట చీకట్ల వంగి ఊడ్చే మనిషి లారీ డ్రైవర్‌కు ఎంత దూరం కెల్లి కనబడతదో ఒకరోజు మీరే సూడుర్రి.

సూదుల సంగతి వేరేగ చెప్పాలె. ఊర్లల్ల డాక్టర్ల కాడ వాడిన సిరంజీలు, ఇంట్ల షుగర్ ఉన్నోళ్లు ఏసుకునే ఇన్సులిన్ సూదులు, బర్లకు ఏసిన సూదులు. దవాఖానల సూదులను మామూలు చెత్తల కలపొద్దని 2016 బయోమెడికల్ వ్యర్థాల రూల్స్ చెప్తున్నయ్. అయినా కలుస్తనే ఉన్నయ్. సూది గుచ్చుకుంటే భయపడేది ముఖ్యంగ మూడు రోగాలకు. డాక్టర్లు మోటుగ చెప్పే లెక్క ఇది: ఆ సూది వాడిన మనిషికి హెపటైటిస్ బి ఉంటే, టీకా లేని మనిషికి అంటే గండం నూటికి 30 దాంక. హెపటైటిస్ సి అయితే నూటికి 3 దాంక. హెచ్‌ఐవీ అయితే వెయ్యికి 3. మనోళ్లు అందరు హెచ్‌ఐవీకి భయపడతరు. అసలు భయపడాల్సింది మొదటి దానికి, దానికేమో టీకా ఉంది. మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. పంచాయతీ వాళ్లందరికి ఏపియ్యొచ్చు. మీ ఊర్ల ఏపిచ్చిండ్రా, అడగుర్రి.

గుచ్చుకున్నంక చేసే పని గూడ రాస్త, ఫోన్ల దాసుకోండ్రి. పిండొద్దు, నోట్ల పెట్టుకోవద్దు, పసుపు, సున్నం అద్దొద్దు. పసుపు మన బంగారమే గని సూది పోటుకు మందు గాదు. సబ్బు పెట్టి పారే నీళ్ల కింద మంచిగ కడగాలె. ఆలస్యం చెయ్యకుంట సర్కారు దవాఖానకు పోయి చెత్తల సూది గుచ్చుకున్నది అని చెప్పాలె. హెచ్‌ఐవీ రాకుంట ఇచ్చే గోలీలు 72 గంటల లోపు మొదలువెడితెనే పనిచేస్తయ్, ఎంత జల్ది అంత మంచిది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అంటే ఆ టైం ఎల్లిపోతది.

మందు డబ్బాల మీద రంగు త్రికోణం ఉంటది సూసిండ్రా? ఎరుపు అంటే అన్నిటికంటె విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎర్ర త్రికోణం డబ్బా సగం కడిగి చెత్తల ఏస్తరు. అది ఒత్తుకపోయి మిగిలిన సుక్కలు చేతి మీద పడతయ్. ఆ మందుల్ల కొన్ని తోలులకెల్లి లోపలికి పోతయ్. ఆమెకు ఆ పూట కండ్లు తిరుగుతయ్, వాంతి అయితది. "ఎండకు తట్టుకోలే" అంటరు. మందు కొట్టే రైతుకు తల తిరిగితే మందు పట్టింది అంటరు. అదే మందు, అదే డబ్బా, చెత్త మనిషికి వచ్చేసరికి ఎండ అయిపోయింది.

ఇప్పుడు మల్టీపర్పస్ సంగతికి వద్దాం. ఊడ్సుడు నేర్చుకోనికె పెద్ద ట్రైనింగ్ అక్కర్లేదు అనుకుందాం. కరెంటు స్తంభం ఎక్కుడు? వీధి లైటు పోయింది అంటే లైన్‌మెన్‌కు ఫోన్ చేసి, సబ్‌స్టేషన్ కెల్లి లైన్ క్లియర్ తీసుకొని, వైరుకు కరెంటు లేదని టెస్ట్ చేసినంక ఎక్కాలె. ఆ లైన్ క్లియర్ తీసుకునే అధికారం విద్యుత్ సంస్థ మనుషులకే ఉంటది, పంచాయతీ మనిషికి ఉండదు. గని లైటు ఏసే పని మాత్రం ఆయనదే. లైన్‌మెన్‌కు ఆరేడు ఊర్లు, ఫోన్ ఎత్తడు. వార్డు మెంబర్ ఇంటి ముందు చీకటి. "జర ఎక్కి సూడరాదు" అంటరు. ఈ "జర"ల ఎంతమంది పోయిండ్రో జిల్లా పేజీలు తిరగేస్తె తెలుస్తది. లైట్ల పని తెలిసినోడు ఒకడు ఉండేది, వానిని తీసేసి అందరు అన్ని పనులు చెయ్యాలె అన్నప్పుడే ఆ స్తంభం మీద చావు తయారైంది.

వానకాలం ఫాగింగ్ మిషన్ ఇస్తరు. మలాథియాన్‌ను డీజిల్ల కలిపి కాల్చి పొగ కొట్టుడు. మిషన్ బరువు, దాని గొట్టం కాలుతది, పొగ ముందుగాల మింగేది పట్టుకున్న మనిషే. ముక్కుకు గుడ్డ కట్టుకుంటడు. గుడ్డ దుమ్మును కొంచెం ఆపుతది, మందు ఆవిరిని ఆపదు. ఇంకొకటి, మరుగుదొడ్లు కడగనికె ఒక చేతుల బ్లీచింగ్, ఒక చేతుల యాసిడ్ ఇస్తరు. ఆ రెండు కలిస్తె క్లోరిన్ గ్యాస్ పుడతది. మొదటి ప్రపంచ యుద్ధంల సైనికుల మీదికి ఇడిసిన గ్యాస్ అదే. తలుపు ఏసిన చిన్న రూములల్ల దగ్గు ఆగకుంట వచ్చి, ఛాతి పట్టేసినట్టయితే కారణం అదే. ఈ ఒక్క ముక్క చెప్పనికె ఐదు నిమిషాలు పడతది. చెప్పినోళ్లను నేనైతే చూడలే.

సెప్టిక్ ట్యాంకు గురించి యువకులు జర మనసు పెట్టి సదవాలె, ఎందుకంటే ఊర్లల్ల దాంట్లకు దిగేది మీ వయసోళ్లే. ఇంటింటికి మరుగుదొడ్డి అయింది, ఇంటింటికి గుంత అయింది, నిండుతయ్. అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటది, గాలి కంటె బరువు, పైకి పోదు. తక్కువ ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తది. ఎక్కువ అయితే ముక్కు చచ్చుబడి ఏ వాసన రాదు. వాసన పోయింది అంటే గ్యాస్ పోయింది అనుకొని దిగుతరు. రెండు ఊపిర్లల్ల కుప్పకూలుతరు. పైన ఉన్నోడు దోస్తు కోసం దుంకుతడు. 2016 ఆగస్టుల హైదరాబాద్ మాదాపూర్ల మ్యాన్‌హోల్ల అట్ల ఒకరి ఎంబడి ఒకరు నలుగురు పోయిండ్రు. 2021 ఆగస్టుల సాహెబ్‌నగర్ల ఒకాయన దిగి లేవలే, ఆయన కోసం రెండో ఆయన దిగిండు, ఇద్దరు పోయిండ్రు. మనిషిని దింపుడు 2013 చట్టం కింద నేరం. ఈ చట్టం కోసం, దాని అమలు కోసం దేశమంతా తిరిగిన బెజవాడ విల్సన్ మన తెలుగాయనే, కోలార్ బంగారు గనుల కాడ పాయిఖానాలు ఎత్తిన కుటుంబంల పుట్టిండు, 2016ల మెగసెసే అవార్డు వచ్చింది. చావుకు 10 లక్షలు ఇయ్యాలని 2014ల సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలు చేసింది. మనిషి పూర్తిగ పనికి రాకుంట అయితే 20 లక్షలకు తక్కువ ఇయ్యొద్దని గూడ చెప్పింది. ఇదంతా గుంతలకు దిగినోళ్లకు. పైన ఊడ్చేటోళ్లకు ఈ తీర్పు వర్తించదు, వాళ్ల సంగతి తర్వాత చెప్త.

"గ్లవ్స్ ఇచ్చినం, వాళ్లే తొడుక్కుంటలేరు" అనేది రెండో పెద్ద మాట. ఇచ్చిండ్రు, నిజమే. ఒక్కటే సైజు, మొగోళ్ల చేతికి సరిపోయేది. ఆడామె ఏసుకుంటే వేళ్ల చివర ఇంచు ఖాళీ, పొరక పట్టు దొరకదు, బుట్ట జారుతది. రబ్బరు ఎండకు ఉడుకుతది, లోపల చెమట, వేళ్ల సందుల పుండ్లు. వారానికి చినుగుతది, మల్ల జత ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక. సన్న రబ్బరు గాజును ఆపదు, సూదిని అసలే ఆపదు. పని కాడ అపాయాలు తగ్గించుడు మీద ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక వరుస ఉంది. మొదలు అపాయాన్నే తీసెయ్యాలె. తియ్యరాకపోతే మనిషికి అపాయానికి నడుమ అడ్డం పెట్టాలె, పని పద్ధతి మార్చాలె. అవన్నీ చేసినంక మిగిలిన దానికి గ్లవ్స్, బూట్లు. మనం ఆఖరి మెట్టు కాడ మొదలువెట్టి అక్కడనే ఆపేస్తున్నం. 2016 ఘన వ్యర్థాల రూల్స్ యూనిఫాం, మెరిసే జాకెట్, గ్లవ్స్, రెయిన్‌కోట్, తగిన చెప్పులు, మాస్కు ఇయ్యాలని రాసినయ్. "తగిన" అన్న ముక్క ఎవరు సదవలే అనుకుంట.

అలుపు సంగతి గూడ ఉంది. ఐతారం లేదు, పండుగ లేదు. పండుగ అంటే ఇంకా ఎక్కువ పని, వినాయకుని నిమజ్జనం తెల్లారి, సద్దుల బతుకమ్మ తెల్లారి సూడుర్రి. నిద్ర సాలని మనిషి, నీళ్లు తాగితే మూత్రానికి తొవ్వ లేదని నీళ్లు తాగని ఆడామె, ఎండల పదకొండు గంటల దాంక. దెబ్బలు ఎక్కువ తగిలేది పని ఆఖర్లనే. ఆ పనికి మాదిగ వాడ, మాల వాడ కెల్లే ఎందుకు వస్తరో మీకు చెప్పక్కర్లేదు. ఆ వాడ మనిషి కాబట్టి ఆ దెబ్బకు లొల్లి లేదు. ఇంకో వాడ పిల్లగాని చెయ్యి బడిల గాజుకు కోసుకుంటే ఊరంతా కదులుతది.

అమెరికాల మెంఫిస్ అని ఒక పట్నం ఉంది. 1968 ఫిబ్రవరి 1న అక్కడ వాన కొడుతుంటే ఇద్దరు నల్లజాతి చెత్త కార్మికులు చెత్త బండి ఎన్క డబ్బాల తల దాసుకున్నరు. బండిల చెత్తను ఒత్తే మిషన్ దానంతట అదే తిరిగి వాళ్లను నలిపేసింది. అప్పుడు గూడ "ఎందుకు ఎక్కిండ్రు" అనే అడగొచ్చు. గని తెల్లోళ్ల ఇండ్ల చూర్ల కింద నిలబడనియ్యకపోతే వానల ఇంకేడ నిలబడాలె? మిషన్ చెడిపోయిందని ముందే చెప్పినా మార్చలే. ఆ నెలనే పదమూడు వందల మంది సమ్మెకు దిగిండ్రు, "నేను మనిషిని" అనే అట్టలు మెడల ఏసుకున్నరు. వాళ్ల కోసం వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అదే పట్నంల కాల్చి చంపిండ్రు. చరిత్రల కింగ్ చావు అందరికి తెలుసు, ఆయన ఆ ఊరికి ఎందుకు పోయిండో తక్కువమందికి తెలుసు. రెండు చెత్త పని చావులను యాక్సిడెంట్ అని మూసెయ్యనియ్యకపోవుడే ఆ సమ్మె.

ఇగ పైసల సంగతి. 1923 నుంచి కార్మికుల నష్టపరిహార చట్టం ఉంది. 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లకు వచ్చినంక అది సోషల్ సెక్యూరిటీ కోడ్‌లకు పోయింది, లెక్క కట్టే పద్ధతి మారలే. అందుల ఏయే పనులకు వర్తిస్తదో ఒక పట్టిక ఉంటది. మోటారు బండి నడుపుడు, దాంట్ల సామాన్లు ఎక్కిచ్చుడు దించుడు, సెప్టిక్ ట్యాంకులు, డ్రైనేజీ లైన్లు సాఫ్ చేసుడు, కరెంటు పని అందుల ఉన్నయ్. చెత్త ట్రాక్టర్ల ఎక్కిచ్చుడు ఏందో మీరే చెప్పుర్రి.

లెక్క ఇట్ల. 40 ఏండ్ల మనిషి, నెలకు 9,500. ఆ వయసుకు చట్టంల ఉన్న అంకె 184.17. పనిల చచ్చిపోతే నెల జీతంల సగం, 4,750ని ఆ అంకెతోని గుణించాలె: 8,74,807 రూపాయలు. బతికి ఉండి ఏ పనికీ రాకుంట అయితే జీతంల 60 శాతం, 5,700 గుణించాలె: 10,49,769. దాంట్లకెల్లి అవయవాన్ని బట్టి వంతు. బొటనవేలు పోతే 30 శాతం, అంటే మూడు లక్షల పైన. చూపుడు వేలు పూర్తిగ పోతే 14 శాతం, దగ్గర దగ్గర లక్షా 47 వేలు. ఒక కన్ను పోతే 40 శాతం, నాలుగు లక్షల పైన. మూడు రోజులకంటె ఎక్కువ పని చెయ్యకుంట మంచాన పడితే పదిహేను రోజులకొకసారి నెల జీతంల పావు వంతు, అంటే 2,375. దవాఖాన ఖర్చు గూడ యజమానే కట్టాలె, అంటే పంచాయతీ. ఒకరి జీతం ఇద్దరు పంచుకుంటే ఈ లెక్కలన్నీ సగమైతయ్, అది గూడ యాదుంచుకోండ్రి. వేలు గూడ సగం ధరకు పోతది.

అసలు ముక్క ఇది. ఈ చట్టంల "సూస్కోలేదు" అనే మాటకు విలువ లేదు. యజమాని పైసలు ఇయ్యకుంట తప్పిచ్చుకోనికె మూడే తొవ్వలున్నయ్: ఆ మనిషి తాగి ఉన్నప్పుడు దెబ్బ తగిలితే, జాగ్రత్త కోసం చెప్పిన ఆర్డర్‌ను కావాలని ధిక్కరిస్తే, రక్షణ కోసం పెట్టిన సామానును కావాలని తీసేస్తే. మనిషి చచ్చిపోయినా, పూర్తిగ పనికి రాకుంట అయినా ఈ మూడు గూడ పనిచెయ్యయ్. మామూలు ఏమరుపాటు ఈ మూడింట్ల లేదు. చట్టం రాసినోళ్లకు తెలుసు, రోజు ఎనిమిది గంటలు పనిచేసే మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఏమరుతడని. "నాదే తప్పు" అని ఆమె అన్నా ఆమె హక్కు పోదు. గ్లవ్స్ మాట మాత్రం వాళ్లు ఎత్తుతరు. అందుకే చినిగిన జత, పట్టని జత ఫోటో తీసి పెట్టాలె, మార్చుమని రాతల అడగాలె.

ఇంత ఉంటే పైసలు ఎందుకు వస్తలేవు? కాగితం లేదు. దవాఖాన చిట్టి మీద "ఇంట్ల గాజు కోసుకున్నది" అని ఉంటది, ఎందుకంటే ఎంబడి వచ్చినోళ్లు అట్ల చెప్పమన్నరు, పంచాయతీ పేరు వస్తె ఉన్న పని పోతదని ఆమె అట్లనే చెప్పింది. ఆ ఒక్క ముక్క తోని అది పని కాడి దెబ్బ గాకుంట పోయింది. మన ఊర్ల కోళ్ల లెక్క ఉంది, మక్కల లెక్క ఉంది, పసుపు క్వింటాళ్ల లెక్క ఉంది. పోయిన ఏడు చెత్త ఎత్తేటోళ్లకు ఎన్ని దెబ్బలు తగిలినయో ఏ పంచాయతీలనన్న ఒక బుక్కు ఉంటే నాకు సూపియ్యుర్రి.

మీ ఇంటికి వచ్చే అక్కకు దెబ్బ తగిలితే మీరు చెయ్యగలిగేది ఉంది. దెబ్బ ఫోటో, ఆ కవర్ ఫోటో, ట్రాక్టర్ ఫోటో, తారీఖు, టైం, ఎంబడి ఎవరున్నరు. దవాఖానకు తోలుకపోయి చిట్టి మీద "పంచాయతీ చెత్త పనిల" అని రాపియ్యాలె. తర్వాత సెక్రటరీకి ఒక కాగితం, దాని నకలు మీద ముద్ర. ఇయ్యకపోతే నిజామాబాద్ లేబర్ ఆఫీసు ఉంది, అప్లికేషన్ పెట్టాలె. ఆలస్యం చేస్తే సాక్ష్యాలు చెదిరిపోతయ్.

మన దిక్కు వీడీసీల మాట ఎంత నడుస్తదో అందరికి తెలుసు. అంకాపూర్ వీడీసీ పేరు జిల్లా దాటి పోయింది. ఎవరి బర్రె ఎవరి చేన్ల పడితే ఎంత జుర్మానా, ఏ దుకాణం ఎన్ని గంటలకు మూసెయ్యాలె, ఇసొంటి వాటికి కట్టుబాట్లు పెట్టే కమిటీలు మన దిక్కు ఉన్నయ్. గాజు, సూదులు, మందు డబ్బాలు మామూలు చెత్తల కలిపితే జుర్మానా అని ఒక్క కట్టుబాటు పెట్టనికె ఏమైంది? గాజును గట్టి అట్ట డబ్బాల ఏసి పైన "గాజు" అని రాసి పక్కకు పెట్టాలె. సూదులను మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాల ఏసి ఏఎన్ఎం చేతికి ఇయ్యాలె. మందు డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు చేన్లనే కొట్టి, డబ్బాకు తూట్లు పొడవాలె. దీనికి పైసా ఖర్చు లేదు. ట్రాలీకి పక్కన రెండు మెట్లు, పట్టుకోనికె ఒక రాడ్ వెల్డింగ్ చేపిస్తే ఎంతయితదో ఆర్మూర్ల ఏ వెల్డింగ్ దుకాణం కాడనన్న అడగుర్రి.

2025 డిసెంబర్ ఎన్నికలల్ల కొత్త సర్పంచులు వచ్చిండ్రు. చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలె. వచ్చే సభల లేచి నాలుగు అడగుర్రి: దెబ్బల బుక్కు ఏది? హెపటైటిస్ టీకా ఎంతమందికి ఏపిచ్చిండ్రు? ఆడోళ్ల సైజు గ్లవ్స్ కొన్న బిల్లు ఏది? వీధి లైటు పోతే స్తంభం ఎవరు ఎక్కుతున్నరు? జవాబు ఏం చెప్పిండ్రో సభ మినిట్స్ బుక్కుల రాపిచ్చి, ఆ పేజీ ఫోటో తీసుకోండ్రి.